బుట్టలో పచ్చికాయలు

కనక బుట్టలో పచ్చికాయలు చూసి సోములమ్మ ముందు తన కళ్లనే అనుమానించింది.

బరకం మీద ఒంపిన కాఫీ పళ్లను రెండు చేతులతో పరిచి మళ్లీ చూసింది. ఎర్రటి పళ్ల మధ్య పచ్చివి, ఒకటీ రెండూ కాదు, గుప్పెడున్నాయి. కొన్నిటికి ఆకులు కూడా అంటుకుని ఉన్నాయి. కొమ్మను పట్టుకుని పైనుంచి కిందికి దూసేస్తే తప్ప ఆకులు రావు. దూసే చెయ్యి పక్కింటి రత్నాలుది. కోడలు కనక చెయ్యి అలాంటిది కాదు. ఆమె ఒక్కొక్క పండునీ రెండు వేళ్లతో పట్టి, కాస్త మెలిపెట్టి, తొడిమను చెట్టుకే వదిలేసి తీస్తుంది. కాఫీ కొనే సొసైటీ మనిషి అందరి బుట్టల్లోనూ చెయ్యి పెట్టి కెలుకుతాడు గానీ కనక బుట్టను చూడకుండానే పక్కకు తోసేస్తాడు.

"ఏటి వదినా, అంతలాగ సూస్తన్నావు?" రత్నాలు మెడ సాచింది.

"ఏటీ నేదు. నా బుట్టలో పచ్చివి పడ్డాయి. కళ్లు ఆనడం నేదు."

"అది నీ బుట్ట కాదు గదా. కనకది."

"నీ బుట్ట నువ్వు సూసుకో. పళ్లకంటే ఆకులే ఎక్కువున్నాయి. ఇంటికెల్లి మేకల్ని మేపుతావేటి?"

నవ్వులు లేచాయి. రత్నాలు కూడా నవ్వింది, కానీ ఆమె చూపు మాత్రం నవ్వలేదు. అది బరకం మీది పచ్చికాయల నుంచి చెట్ల మధ్య నిలబడ్డ కనక దాకా వెళ్లి వచ్చింది.

డుంబ్రిగుడకు పైన, కొండ నడుమున ఉన్న ఊరది. ఏడిళ్ల ఆడవాళ్లు కాఫీ కోతకు వంతు పెట్టుకున్నారు. ఇవాళ ఒకరి తోట, రేపు ఇంకొకరిది. కూలి మాట లేదు. తోట ఎవరిదైతే వాళ్లు అందరికీ అంబలి పోయాలి, అంతే. కోసిన పళ్లను గెడ్డ వాగు ఒడ్డున ఉన్న ఒకే మిషనులో తొక్క తీసి, ఒకే తొట్లలో నానబెడతారు. కాబట్టి ఒక తొట్టి పోతే ఒక ఇల్లు కాదు, ఏడిళ్లూ నష్టపోతాయి. పోయినేడు అదే జరిగింది. కూతురు చిట్టి పుట్టిన మూడో వారంలో కనకకు ఏవేవో మాటలు వినిపించి, నిండు తొట్టిని గెడ్డలో ఒంపేసింది. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లను ఇక్కడుంచి తల్లిని పుట్టింటికి పంపేస్తామని ఊరి పెద్ద, నాయుడు దొంబురు అందరి ముందూ అన్నాడు.

సోములమ్మ పచ్చికాయలన్నిటినీ ఏరి కొంగులో వేసుకుంది. నాలుగు రోజుల నుంచీ ఆమె చాలా సంగతుల్ని ఇలాగే దాస్తోంది. తెల్లారి తను లేచేసరికి కనక పొయ్యి ముందు కూర్చుని ఉంటోంది, పక్క మీద మనిషి పడుకున్న ముడత ఉండడం లేదు. నిన్న అంబలిలో ఉప్పు మర్చిపోయింది. మొన్న పిల్లకు ఒక గౌను మీద ఇంకో గౌను, దాని మీద మూడోది తొడిగింది. కోతల రోజులు, ఒళ్లు అలిసిపోయి ఉంటుంది అని సోములమ్మ తనకు తానే చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ఆమె చూపు అటక మీది బెల్లం డబ్బా మీదికి పోతోంది.

ఆ డబ్బాలో బెల్లం లేదు. మూడు నెలల మాత్రలున్నాయి.

ఆశా కార్యకర్త కృపావతి నెలనెలా కనక కోసం ఆసుపత్రి నుంచి తెచ్చి ఇస్తుంది. సోములమ్మ తీసుకుంటుంది, డబ్బాలో వేస్తుంది. కొర్రకొత్త పండగ నాడు, కొత్త కొర్రల అన్నం శంకుదేవుడికి పెట్టి ఇంటిల్లిపాదీ తిన్నాక, ఆమే కోడలితో అంది: "కొత్త గింజ తిన్నావు. పాత రోగం పోనాది. ఇంక మాత్రలెందుకు?" మలేరియాకు పద్నాలుగు రోజులు మాత్రలు మింగాలి, కోర్సు అయ్యాక మానెయ్యాలి. కొండ మీద పుట్టిన ప్రతి బిడ్డకూ తెలిసిన వైద్యం అది. కోర్సు అయ్యాక కూడా మింగేవాడు వెర్రివాడు. కనక పది నెలలు మింగింది. నవ్వుతోంది, పాడుతోంది, పిల్లకు పాలిస్తోంది. ఇంకా ఎన్నాళ్లు? పిల్ల పాలల్లోకి ఆ వేడి దిగదా? సోములమ్మ చెడు తలచి చేసిన పని కాదది. చేసిన మంచి పనుల్లో ఒకటిగా ఇన్నాళ్లూ మనసులో లెక్కేసుకున్న పని.

మధ్యాహ్నానికి అందరూ గెడ్డ ఒడ్డుకు దిగారు. రత్నాలు మిషను చక్రం తిప్పుతుంటే ఎర్ర తొక్కలు ఒక పక్కకూ, జిగటగా మెరిసే గింజలు ఒక పక్కకూ రాలుతున్నాయి. రెండో తొట్టిలో ముందు రెండు రోజుల గింజలు నానుతున్నాయి. రెండు తోటల పంట అది. జిగురు ఎప్పుడు వదిలిందో చెప్పేది కనకే. గింజల్ని అరచేతిలో వేసి రుద్ది, చెవి దగ్గర పెట్టుకుని, గరగరమంటే "అయిపోనాది" అంటుంది. ఆమె అన్నాకే కడుగుతారు.

కనక తొట్టి పక్కన నిలబడింది. గింజలు తీసుకోలేదు. తల ఒక పక్కకు వాల్చి వింటోంది.

చిట్టి రెండు సిల్వర్ ఓకు చెట్ల మధ్య కట్టిన చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది. సోములమ్మ ఇప్పుడే చూసి వచ్చింది.

"అత్తా," అంది కనక, "పాప ఏడుస్తంది. నీకు ఇనిపించిందా?"

ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. పోయినేడు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో కనక రోజుకు పదిసార్లు అడిగేది. ఎవరో పిలిచారు, నీకు ఇనిపించిందా? ఎవరో తిట్టారు, నీకు ఇనిపించిందా? "నేదు" అంటే కనక ఒక పెద్ద ఊపిరి వదిలి, చేస్తున్న పని మళ్లీ అందుకునేది. విసుగొచ్చినా సోములమ్మ చెప్పేది. తర్వాత తర్వాత ఆ ప్రశ్న తగ్గి తగ్గి మాయమైంది. ఇదిగో, మళ్లీ వచ్చింది.

మిషను చప్పుడు ఆగింది. రత్నాలు చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి ఇటే చూస్తోంది. మిగతా వాళ్లూ చూస్తున్నారు. "నేదు" అంటే కోడలికి మళ్లీ మొదలైందని అందరికీ తెలిసిపోతుంది.

"ఇనిపించింది, ఇనిపించింది," అంది సోములమ్మ గట్టిగా, అందరికీ వినబడేలా. "పాలకేడుస్తంది. బేగి ఎల్లి సూడు."

కనక ఊపిరి వదల్లేదు.

"అయితే నిజమే," అంది.

ఉయ్యాల వైపు వెళ్లలేదు. తొట్టి మీదికి వంగి రెండు చేతులూ భుజాల దాకా గింజల్లో ముంచేసింది. "తొట్లో ఊపిరాడడం నేదు దానికి. అత్తా, నువ్వూ ఇన్నావు గదా, పట్టు!" అని అరుస్తూ తొట్టి అంచు పట్టి గెడ్డ వైపు దొర్లించేసింది. రెండు తోటల గింజలు జిగురు నీళ్లతో పాటు గెడ్డలోకి జారిపోయాయి. కనక వాటి వెనకే నీళ్లలోకి దిగి, మోకాళ్ల మీద పాకుతూ, రాళ్ల మధ్య వెతికింది. సోములమ్మ పరుగున వెళ్లి ఉయ్యాల్లోంచి పిల్లను తెచ్చి ఎదురుగా పట్టుకుంటేగాని ఆగలేదు. నిద్ర చెడిన చిట్టి అప్పుడు నిజంగానే ఏడుపు అందుకుంది.

ఆ తర్వాత గెడ్డ ఒడ్డున లేచిన తిట్లు మాత్రం అందరికీ వినిపించాయి. ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. సాయంత్రానికి నాయుడు దొంబురు వచ్చి ఖాళీ తొట్టిని చూసి, కాసేపు చుట్ట నమిలి, "ఆదివారం కూకుందాం. కనక గుంట అన్నకి కబురెట్టండి," అని వెళ్లిపోయాడు.

మర్నాడు, బుధవారం పొద్దున్నే సోములమ్మ ఒక నల్ల కోడిపెట్టను చంకన పెట్టుకుని దిసారి సుక్రు ఇంటికి వెళ్లింది. ముహూర్తం చూడాలన్నా, దిష్టి తీయాలన్నా, కట్టు కట్టాలన్నా ఆ ఊరికి ఆయనే. పోయినేడు కనక చేతికి తాడు కట్టిందీ ఆయనే. మూడు రోజులు చూసి, "నా వల్లయింది సేసినాను. ఇది ఆసుపత్రి రోగం, బేగి తీసుకెల్లండి" అని పంపించిందీ ఆయనే.

సుక్రు వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. కత్తి వెదురు నెత్తిన పెట్టి, ఒక్క దెబ్బ కొట్టి, మిగతాది చేతులతోనే విడదీస్తున్నాడు. పెట్టను చూశాడు, సోములమ్మను చూశాడు.

"మాత్రలు ఏస్తన్నావా?"

"ఇంట్లోనే ఉన్నాయి మామా."

"ఇంట్లో ఉంటే ఇంటికి తగ్గుద్ది. దానికెలాగ తగ్గుద్ది?"

సోములమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది. అలాంటిది ఇప్పుడు పెట్టను రెండో చంకకు మార్చుకుంది. అది కొక్కొక్కమంది.

"మలేరియా కోర్సు అనుకున్నాను," అంది చివరికి, నేలను చూస్తూ.

సుక్రు చీల్చిన వెదురు పక్కన పెట్టాడు. కోప్పడలేదు. "నన్నడిగినా నానూ అలాగే అందును. నాకేటి తెలుసు? దేవుడికి సెప్పాల్సింది నాను సెప్తాను. డాక్టరుకి సెప్పాల్సింది నువ్వెల్లి సెప్పు. ఆ పెట్టని తీసుకుపో. కోడలికి తగ్గినాక పులుసెట్టి నాకూ ఒక ముక్క పంపించు."

ఆమె నేరుగా కృపావతి ఇంటికి వెళ్లింది. పెట్ట చంకలోనే ఉంది. సంగతి విన్న కృపావతి తలుపు చెక్కను పట్టుకుని నిలబడిపోయింది. "ఎంత పని సేసావు పిన్నీ," అంది, ఆ వెంటనే, "నువ్వు కాదులే. నానే. కోర్సు అయిపోతే మానెయ్యండి, మానెయ్యండి అని పదేళ్ల బట్టి ఇంటింటికీ తిరిగి సెప్పింది నానే. ఈ మాత్రలు అలాంటివి కావని ఇంకోసారి సెప్పి ఉండాల్సింది." ఫోను తీసింది. రేపు అరకు ఆసుపత్రికి విశాఖపట్నం నుంచి మనసు రోగాల డాక్టరమ్మ వచ్చే రోజు. జీపు కుర్రాడికి చెప్పింది.

డాక్టరు ప్రసన్నకు ముప్పై అయిదేళ్లుంటాయి. బల్ల అవతల కూర్చోకుండా కుర్చీని కనక పక్కకు లాక్కుని కూర్చుంది. నిద్ర పడుతోందా అని అడిగింది. ఎవరి మాటలు వినిపిస్తున్నాయి, ఏమంటున్నాయి, పాపకు ఏదైనా చెయ్యమని చెప్తున్నాయా అని మెల్లగా, బియ్యంలో రాళ్లేరినట్టు అడిగింది. కనక చాలాసేపటికి ఒక్కో జవాబు చెప్పింది. చెయ్యమనడం లేదు. పాప మునిగిపోతంది, నువ్వు సూస్తా ఊరుకున్నావు అంటన్నాయి.

"మాత్రలు ఎప్పుడు మానేశారు?"

సోములమ్మ కొంగు బిగించుకుంది. నోరు తెరిచింది.

"నానే మానీసినాను," అంది కనక. "మర్సిపోయినాను."

సోములమ్మ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కృపావతి ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుంది. డాక్టరమ్మ కనక చేతి మీద చెయ్యి వేసి చెప్పింది. ఇది మలేరియా లాంటిది కాదు. బీపీ లాంటిది, షుగరు లాంటిది. తగ్గిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం, రోగం పోయిందని కాదు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను. కాన్పు తర్వాత వెయ్యిమంది తల్లుల్లో ఒకరిద్దరికి ఇలా వస్తుంది. అది ఎవరి తప్పూ కాదు, ఏ దేవుడి కోపమూ కాదు. పాలిచ్చే తల్లికి సరిపడే మాత్రే రాస్తున్నాను, పాపకు భయం లేదు. పాప దగ్గర మాత్రం కొన్నాళ్లు ఇంకో మనిషి ఎప్పుడూ ఉండాలి.

కనక చేతికున్న సుక్రు తాడును ఆమె చూసింది. అది తీసెయ్యమని అనలేదు.

"ఇంట్లో మీరేనా ముందు గమనించింది?" అని సోములమ్మను అడిగింది.

"బుట్టలో పచ్చికాయలొచ్చాయి," అంది సోములమ్మ. "దాని బుట్టలో ఎప్పుడూ రావమ్మా. అన్నీ ఎర్రవే. మొన్న గుప్పెడు పచ్చివి. ఆకులతో సహా."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఇది నేను చదివిన పుస్తకాల్లో లేదు," అని, చీటీ మీద పైన రాసి, తెలుగులో చదివి వినిపించింది: బుట్టలో పచ్చికాయలు కనబడిన రోజే ఆసుపత్రికి రావాలి. "నేను నెలకోసారి చూస్తాను. మీరు రోజూ చూస్తారు. మీ కన్ను నాకు కావాలి."

పొగిడిన మాట అది. సోములమ్మకు చెంపదెబ్బలా తగిలింది. 'ఇనిపించిందా' అని కోడలు తనను అడుగుతూ ఉంటుందని, ఈసారి భయపెట్టడం ఎందుకని వినిపించిందనేశానని చెప్పేసింది. ఆ మాత్రం చెప్పగలిగింది.

"అలా అనకండమ్మా. తిట్టొద్దు, ఎగతాళి చెయ్యొద్దు, కానీ నిజం చెప్పండి. వినిపించకపోతే వినిపించలేదనే అనండి. తన చెవుల్ని తను నమ్మలేక మీ చెవుల్ని అడుగుతోంది. ఎంత నమ్మకం ఉంటే అడుగుతుంది!"

జీపు ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కుతోంది. పిల్ల కృపావతి ఒళ్లో పడుకుంది. వెనక సీట్లో అత్తాకోడళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు ఊగుతున్నారు.

"ఓలె," అంది సోములమ్మ, "అబద్ధం ఎందుకాడినావు?"

కనక కిటికీలోంచి చూస్తోంది.

"నిన్ను తిడతాదని."

"తిడితే తిడతాది. తప్పు సేసింది నాను."

"నీకు తిట్లు అలవాటు నేదు అత్తా. తిట్టడమే అలవాటు." కనక పెదవి ఒక కొసన కాస్త కదిలింది. ఆరు రోజుల్లో మొదటిసారి. "నాకు ఊరందరూ తిడతన్నారు. ఇంకోటి ఎక్కువైతే ఏటి?"

సోములమ్మ ముఖం అటు తిప్పుకుంది. పిచ్చిదని ఊరంతా అంటున్న మనిషి, తల్లో అంత గోల పెట్టుకుని, ఆ గోల మధ్యలోంచి తన పరువు కాపాడింది. తనే అయితే కాపాడేదా? కాపాడేది కాదు. కోడలు తప్పు చేస్తే నలుగురిలో కడిగేసి ఉండేది. ఇలాంటి గుంట తన ఇంటికి వచ్చినందుకు ఏ దేవుడికి మొక్కాలో ఆమెకు తెలియలేదు. అందుకని వరసగా అందరికీ మొక్కుకుంది, కృపావతి చర్చిలో దేవుడితో సహా.

శుక్రవారం కనక పన్నెండు గంటలు నిద్రపోయింది. శనివారం లేచి పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిపాయ వలిచింది. చేతులు మందంగా, నీళ్లలో కదిలినట్టు కదిలాయి. మధ్యలో ఆగి తల పక్కకు వాల్చింది.

"అత్తా. నన్ను పిలిసినట్టు. నీకు ఇనిపించిందా?"

సోములమ్మ చేటను దించింది. నిజంగానే చెవులు రిక్కించి విన్నది. ఎక్కడో గొడ్డలి చప్పుడు, కోడిపిల్లల చప్పుడు. అంతే.

"నేదమ్మా. నాకేటీ ఇనిపించనేదు."

కనక ఊపిరి వదిలి మళ్లీ ఉల్లిపాయ అందుకుంది.

ఆదివారం మధ్యాహ్నం చింతచెట్టు కింద రాళ్ల మీద ఊరు కూర్చుంది. కనక అన్న హుకుంపేట నుంచి వచ్చాడు, మడిచిన సంచీ ఒకటి మోకాలి మీద పెట్టుకుని. బట్టలు పెట్టుకుపోవడానికే తెచ్చిన ఖాళీ సంచీ అది. సోములమ్మ కొడుకు, కనక మొగుడు మంగ్లు సీలేరు కాంక్రీటు పని నుంచి ముందురోజే వచ్చాడు. పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డాడు. కనక ఒక పక్కన, తల దించుకుని కూర్చుంది.

నాయుడు గొంతు సవరించుకున్నాడు. "పోయినేడే సెప్పినాం. ఈ ఏడూ అదే అయింది. ఏడిళ్ల కష్టం గెడ్డ పాలైంది. తొట్టంటే తొట్టి. రేపు పిల్లనే గెడ్డలో ముంచితే? ఏం మంగ్లూ?"

"పెద్దలెలాగంటే అలాగ," అన్నాడు మంగ్లు.

"నోరుముయ్యి," అంది సోములమ్మ కొడుకుతో. "కాంక్రీటు కలిపి కలిపి నువ్వూ అలాగే గట్టిపడిపోనావు."

"మాత్రలు ఏసుకోకుండా ఎందుకున్నాది మరి?" ఎవరో అడిగారు.

"నానే మానీసినాను," అంది కనక, తల ఎత్తకుండానే.

అంతటితో అయిపోయేది. ఒప్పుకున్న మనిషి మీద ఇంక తీర్పే. అన్న సంచీ మడత విప్పాడు. మంగ్లు భుజం మీద చిట్టి తల్లి వైపు చేతులు చాచింది. మంగ్లు పిల్లను రెండో భుజానికి మార్చుకున్నాడు.

సోములమ్మ ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో బెల్లం డబ్బా ఉంది. నడి మధ్యకు వచ్చి, మూత తీసి, బోర్లించింది. మాత్రల అట్టలు నేల మీద గలగలా పడ్డాయి. ఒక్క అట్టా చిరగలేదు.

"సూడండి. మూడు నెలలవి. అది మర్సిపోనేదు. నాను మానిపించినాను. కొర్రకొత్త నాడు, నా నోటితోటే. డాక్టరమ్మ అడిగితే నన్ను కాయడానికి అది అబద్ధమాడింది. మీ ముందూ ఆడింది." అందరి వైపూ ఒకసారి తిరిగి చూసింది. "పాప ఏడుపు ఇనిపించిందా అనడిగితే ఇనిపించిందని అన్నాను. మీకు తెలిసిపోద్దని. అది నా మాట నమ్మి తొట్టి ఒంపింది. పిల్లని ముంచడానికి కాదు నాయుడూ, తీయడానికి దిగింది గెడ్డలోకి. గింజలు ఒంపింది ఆ గుంట కాదు. నాను. పంపితే నన్ను పంపండి. నా పుట్టింట్లో ఎవులూ నేరు, అదొక్కటే ఇబ్బంది."

నవ్వాల్సిన మాటకు కూడా ఎవరూ నవ్వలేదు.

"ఈ ఏడు నా తోటకి ఎవులూ రావద్దు," అంది సోములమ్మ. "నా వంతు నాకొద్దు. మీ ఆరు తోటలకీ నాను వస్తాను. పళ్లు అయిపోయేదాకా వస్తాను. పోయినదానికి నా చేతులే ఉన్నాయి."

ప్రార్థన ముగించుకుని వచ్చి వెనక నిలబడిన కృపావతి ముందుకు వచ్చి, కింద పడ్డ అట్టలు ఏరుతూ, కోర్సు సంగతి చెప్పింది. మలేరియాకీ దీనికీ తేడా తను సరిగ్గా చెప్పలేదంది. సుక్రు రాయి మీద కూర్చునే తల ఊపాడు.

"మా యమ్మకి బీపీ మాత్రలిచ్చారు," అంది రత్నాలు ఉన్నట్టుండి. అందరూ తిరిగి చూశారు. ఆమె కొంగు కొస మెలిపెడుతోంది. "తల తిరగడం తగ్గింది గదా అని పోయిన నెలలో నానే మానిపించినాను. కృపావతీ, అదీ అంతేనా?"

"అదీ అంతే. ఇవాళే ఎయ్యి."

"ఓలమ్మో," అని రత్నాలు లేచింది. రెండడుగులు ఇంటి వైపు వేసి, ఆగి, వెనక్కి తిరిగి కనకను చూసింది. మొన్న గెడ్డ ఒడ్డున అందరికంటే గట్టిగా అరిచింది ఆమే. "జిగురు ఎప్పుడు వదిలిందో ఈవిడ సెప్పకపోతే ఎవులు సెప్తారు? నాకేటి తెలుసు?" అని, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

నాయుడు చుట్ట పక్కకు ఊసి, అన్న మోకాలి మీది సంచీ వైపు చూశాడు.

"అది మడిసెట్టు బాబూ," అన్నాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగాడు. "ఉండనీండి. పిల్ల దగ్గర ఇంకో మనిషి ఉండాలి, డాక్టరమ్మ సెప్పినట్టు. అది మరవొద్దు. వంతులో రేపు ఎవరి తోట? సోములమ్మదే గదా? పళ్లు రాలిపోతన్నాయి. పొద్దున్నే అందరూ అక్కడికే ఎల్లండి." లేచి, పంచె దులుపుకుని, నడిచాడు.

జనం విడిపోతున్నారు. సోములమ్మ ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డచోటే నిలబడింది. విన్నది నిజమో కాదో ఆమెకు తేలలేదు. ఆశపడి ఆశపడి చెవులు వాటంతట అవే ఏదో కల్పించుకున్నాయేమో. గబగబా కనక దగ్గరికి వెళ్లి పక్కనే కింద కూలబడింది. కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"ఓలె కనకా. నాయుడు ఏదో అన్నాడు. నీకు ఇనిపించిందా?"

కనక తల ఎత్తింది. మంగ్లు వంగి పిల్లను ఆమె ఒళ్లో పెట్టాడు. పిల్ల వీపు నిమురుతూ, అత్త ముఖంలోకి చూసి, తొందరపడకుండా చెప్పింది.

"ఇనిపించింది అత్తా. రేపు మన తోటకే వస్తారట. అంబలికి పిండి నానబెట్టాలి."